నాలుగు వేళ్ళ ఎడం

మొన్న సాయంత్రం మేడ మీద ఆరబోసిన మిరపకాయలు ఎత్తడానికి పోయాను. పక్క వాటా వాళ్ళ మనవరాలు, కాలేజీ పిల్ల, పిట్టగోడకు ఫోను ఆనించి పడమటి ఆకాశాన్ని ఫొటోలు తీస్తోంది. నన్ను చూసి, "అవ్వా, ఇట్లా రా. శుక్రుడూ గురుడూ ఎంత దగ్గరికొచ్చినారో చూడు" అంది. కొండెక్కబోతున్న వెలుగులో రెండు చుక్కలు, ఒకటి బాగా పెద్దది, ఒకటి దానికంటే కాస్త చిన్నది, పక్కపక్కనే ఉన్నాయి. నాకు తెలియకుండానే కుడిచేయి ముందుకు చాచి, నాలుగు వేళ్ళూ కలిపి ఆ రెంటి మధ్య పెట్టబోయాను. అంతలోనే చేయి దించేసుకున్నాను. "నాకు కనపడ్డం లేదమ్మా" అని అబద్ధం చెప్పి, చేట పట్టుకుని కిందికి దిగి వచ్చాను. 

మా ఊరు కోడుమూరు సంతకు నడిచి పోయి వచ్చేంత దూరంలో ఉండేది. అంతా మెట్టసేద్యం. వాన వస్తే కూడు, రాకుంటే లేదు. కర్నూల్లో సర్కారు కచేరీలు డేరాల్లో నడుస్తున్నాయని, అక్కడికి పోయి వచ్చినవాళ్ళు వింతగా చెప్పుకునే రోజులవి. మా వీధిలో మిద్దె ఉన్న ఇల్లు మాదొక్కటే. మిగతావన్నీ బోదగడ్డి కప్పిన కొట్టాలు. ఊరికి పడమట గుట్ట అడ్డం ఉండడంతో, పొద్దుగూకాక కింది ఆకాశం చూడాలంటే మా మిద్దె ఎక్కాల్సిందే.

మా నాయన తండ్రిని నేను జేజినాయన అని పిలిచేదాన్ని. ఆయన కూడా సేద్యగాడే. వయసులో ఉన్నప్పుడు శ్రీశైలం తిరనాళ్ళకు కాలినడకన పోయి, అక్కడ ఒక జంగమయ్య దగ్గర ఆరు నెలలు ఉండి పంచాంగం నేర్చుకుని వచ్చాడట. ఎద్దు కొనాలన్నా, విత్తడానికి గొర్రు కట్టాలన్నా, పిల్లకు చెవులు కుట్టించాలన్నా జనం మా అరుగు మీదికి వచ్చేవాళ్ళు. ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. ఆయన పక్కన కూర్చుంటే ఆముదమూ, పొగాకూ, పాత కాగితమూ కలిసిన వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా పాత పుస్తకం తెరిస్తే ఆ వాసన కోసం వెతుక్కుంటాను.

ఆ వేసవికి ఆయన కళ్ళల్లో పొరలు బాగా ముదిరాయి. మనిషిని గొంతు బట్టి గుర్తు పట్టేవాడు. పంచాంగం నేను చదివి వినిపించాలి. నాకప్పుడు తొమ్మిదో పదో ఏడు. పెద్దవాళ్ళంతా చుట్టూ కూర్చుని ఉండగా నా నోటినుంచి తిథీ నక్షత్రమూ వస్తుంటే, నేను లేకపోతే ఊరు నడవదేమో అన్నంత గర్వంగా ఉండేది.

పక్క కొట్టం వాళ్ళది చిన్న సేద్యం. అయిదెకరాల ఎర్రనేల, ఒక జత ఎద్దులు. ఆయన్ని నేను మామ అనేదాన్ని, ఆయన భార్యను అత్త అనేదాన్ని. వాళ్ళకు ఒక్కతే కూతురు, నా ఈడుది. నిద్రపోయేటప్పుడు తప్ప మేమిద్దరం విడిగా ఉన్నది లేదు. వాళ్ళ కొట్టంలో ఎలుకల బాధ ఎక్కువని, మామ తన విత్తనాల మూట మా ఇంటి చీకటిగదిలో పెట్టుకున్నాడు. రెండు మూడు రోజులకొకసారి వచ్చి, మూటను చేత్తో తట్టి చూసుకుని పోయేవాడు.

వేరుశనగను మా వైపు చెనిక్కాయలంటాం. వేసవి సెలవుల్లో పిల్లలకు చెనిక్కాయలు ఒలిచే పని ఉండేది. విత్తనపు పప్పు తినకూడదు. అందుకని మా జేజి, అంటే నాయనమ్మ, మమ్మల్ని ఒలుస్తున్నంతసేపూ పాటలు పాడమనేది. పాట ఆగితే నోట్లో పప్పు పడిందని లెక్క. మేమిద్దరం వంతులు వేసుకున్నాం. ఒకతె గొంతెత్తి పాడుతుంటే ఇంకొకతె నమిలేది. అది చాలక, మధ్యాహ్నం పెద్దవాళ్ళు కునుకు తీసే వేళ చీకటిగదిలో దూరి, మామ మూట ముడి విప్పి, బెల్లం ముక్కతో కలిపి తినేవాళ్ళం. మా మూటలు జేజి లెక్కలో ఉండేవి. మామ మూటను ఎవరూ విప్పి చూడరు. ఆ ధైర్యంతో అందులో చేయి పెట్టాం. పచ్చి పప్పు, బెల్లం, గోనెపట్ట వాసన, చీకటి. అంత రుచి నేను మళ్ళీ ఎరగను. వేసవి చివరికి మూట నడుము జారింది.

సరిగ్గా అప్పుడే పడమటి ఆకాశంలో ఆ రెండు చుక్కలు ఒకదాని వైపు ఒకటి జరగడం మొదలుపెట్టాయి. రోహిణి ఎండలకు సాయంత్రం దాకా అరుగు రాయి కాలేది. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం తిని జనం మా అరుగు చేరేవాళ్ళు. మామ అడిగాడు.

"పెద్దాయనా, ఆ రెండు చుక్కలూ దినదినానికీ దగ్గరికొస్తాండాయి. మంచికేనా?"

జేజినాయన పొగాకు దవడకు పెట్టుకుని జవాబు చెప్పాడు. "ఒకాయన దేవతలకు గురువు. ఒకాయన రాక్షసులకు గురువు. ఇద్దరూ ఒకే ఇంట్లో కూర్చుంటే మాట కుదరదప్పా. ఈ తూరి తొలి వాన మోసం చేస్తాది. వాళ్ళు యెడం అయ్యేదాకా ఎవరూ విత్తనం మట్టిలో వేయొద్దండి."

"ఎంత యెడం కావల్ల?"

"నాలుగు వేళ్ళు."

వెనక కూర్చున్న చెవిటి ముసలాయన ఉలిక్కిపడి, "నాలుగేండ్లా? అంతవరకూ ఏం తిని బతకల్ల?" అన్నాడు. అందరూ నవ్వారు. జేజినాయన నవ్వలేదు.

ఆయన అంత భయపడడానికి కారణం ఉంది. రెండేళ్ళ ముందు ఆయన మాట మీదే ఊరంతా తొలి వానకు విత్తింది. తర్వాత నలభై రోజులు చుక్క రాలలేదు. మొలకలు మాడిపోయాయి. సర్కారు వాళ్ళు బడి దగ్గర గంజి కేంద్రం పెడితే, మేం పిల్లలం సత్తు గిన్నెలు పట్టుకుని ఎండలో వరసలో నిలబడ్డాం. ఆ వరస మా అరుగు ముందు నుంచే పోయేది. అప్పట్లో జేజినాయన పగలంతా లోపల గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

ఇప్పుడు వేళ్ళు కొలిచే పని నాదయింది. చేయి నిటారుగా ముందుకు చాచి, వేళ్ళు అడ్డంగా కలిపి, రెండు చుక్కల మధ్య ఎన్ని పడతాయో చూడాలి. సందె పడగానే మామ కూతురూ నేనూ మిద్దె ఎక్కేవాళ్ళం. మూడు వేళ్ళు, రెండు, ఒకటి. ఒక సాయంత్రం నా చిటికెన వేలు అడ్డం పెడితే రెండూ దాని వెనక మాయమయ్యాయి. ఆ సంగతి వీధంతా అరిచి చెప్పాను. ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి గుట్ట వైపు దండం పెట్టారు. మరుసటి రోజు నుంచి అవి విడిపోవడం మొదలైంది.

అంతలో మృగశిర వచ్చింది. కార్తె ప్రవేశించిన రోజునే వాన పడింది. అట్లాంటి వాన మా ఊరు మూడేళ్ళుగా చూడలేదు. మట్టి వాసనకు ఎద్దులు కట్టుకొయ్యల దగ్గర నిలవలేక రంకెలు వేశాయి. మా నాయన చేను నుంచి మోకాలి దాకా బురదతో వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు.

"నాయనా, జానెడు లోతు పదునుండాది. ఇప్పుడు విత్తకుంటే మళ్ళా ఎప్పుడు విత్తల్ల?"

"ఇంగ నాలుగు దినాలు ఆగు."

"నాలుగు దినాలకు పదును ఆరిపోదా? చుక్కలకేం తెలుసు నాయనా సేద్యం సంగతి?"

"రెండేండ్ల కిందట నేను విత్తమంటేనే కదరా విత్తినారు? మళ్ళా ఆ గంజి గిన్నెలు చూడల్లనా నేను?" అని జేజినాయన అరిచాడు. ఆయన అరవడం నేను వినడం అదే మొదలు. మా నాయన తలపాగా విప్పి నేలకు కొట్టి లోపలికి పోయాడు. కానీ విత్తలేదు. తండ్రి మాట దాటే మనిషి కాదు. ఊరి చివర చేను ఉన్న ఒక మొండి మనిషి మాత్రం ఎవరినీ అడక్కుండా ఆ మరునాడే గొర్రు కట్టాడు. ఇంకో పదిమంది ఆయన వెనక పోయారు. మా వీధి వాళ్ళు ఆగారు. అందరికంటే నమ్మకంగా ఆగింది మామ.

మా ఇద్దరికీ అసలు భయం వేరే ఉంది. విత్తే రోజు మామ మూట బయటికి తీస్తాడు. అందుకని మేం ఒక ఉపాయం చేశాం. జేజి లెక్కకు చిక్కకుండా మా కాయల కుప్ప నుంచి రోజుకు కొన్ని దొంగిలించి, ఒలిచి, దోసిళ్ళతో మామ మూటలో పోస్తున్నాం. వేళ్ళు వాచాయి. ఇంకో మూడు రోజులుంటే మూట నిండుతుందనిపించింది.

నాలుగు రోజులు మబ్బు పట్టి చుక్కలు కనపడలేదు. అయిదో సాయంత్రం పడమర తెరిపి ఇచ్చింది. మేం మిద్దె ఎక్కాం. గురుడు బాగా కిందికి దిగిపోయాడు. శుక్రుడు పైన ఉన్నాడు. చేయి చాచాను. నాలుగు వేళ్ళూ పట్టాయి. పట్టి, ఇంకా కాస్త సందు మిగిలింది. నా జతగత్తె కూడా కొలిచింది. "నాలుగు దాటిండాది" అని మెల్లగా అంది.

కింద అరుగు మీద అందరూ ఉన్నారు. మామ, మా నాయన, ఇంకా ఏడెనిమిది మంది. జేజినాయన తల పైకెత్తి అడిగాడు.

"ఎన్ని వేళ్ళే పాపా?"

నేను పిట్టగోడ మీదికి వంగి చూశాను. మామ ముఖం సరిగ్గా నా కిందే ఉంది. నోరు కొంచెం తెరిచి నా జవాబు కోసం చూస్తున్నాడు.

"రెండున్నర జేజినాయనా!"

మా నాయన లేచి వెళ్ళిపోయాడు. మామ "సరే, దేవుడుండాడు" అని పంచె దులుపుకున్నాడు. నా జతగత్తె గిరుక్కున నా వైపు తిరిగింది. మేమిద్దరం మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాం. 

మరునాడు మళ్ళీ మబ్బు. ఆపై రోజుకు గురుడు సందె వెలుగులో కలిసిపోయాడు. ఇక కొలవడానికి ఏమీ లేదు. ఆరుద్ర కార్తె దాకా చూద్దామన్నాడు జేజినాయన. ఆ వారంలోనే పడమటి గాలి లేచింది. మా దేశంలో ఆ గాలి ఎట్లాంటిదో అక్కడ పుట్టినవాళ్ళకే తెలుసు. పగలూ రాత్రీ ఒకటే వీచుడు. నేల పైన పొర బెరడు కట్టింది. ఆరుద్రలో నాలుగు చినుకులు పడితే, ఇక ఆగలేక మా వీధి వాళ్ళు విత్తారు. ఆ రోజు మామ మూట విప్పాడు. అత్త చేట పట్టుకుని, "ఈ తూరి విత్తనం శానా ఎక్కువ వచ్చిందే! మన చేతి చలవ" అని నవ్వింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

మూడింట ఒక వంతు కూడా మొలవలేదు. మొలిచింది కూడా ఎండిపోయింది. ఒకరోజు అత్తకు మజ్జిగ ఇచ్చి రమ్మని అమ్మ పంపితే చేనుకు పోయాను. మామ సాలు వెంబడి కూర్చుని ఒక్కొక్క గింజనే గోటితో తవ్వి చూస్తున్నాడు. కొన్ని కుళ్ళి ఉన్నాయి, కొన్ని వేసినవి వేసినట్టే ఉన్నాయి. నన్ను చూసి, "యాడ పోతాండావు పాపా ఎండలో? ఈడ నీడ కూడా లేదు, ఇంటికి పో" అన్నాడు. ఊరి చివరి మొండి మనిషి చేను గట్టు మీదుగా తిరిగి వచ్చాను. అక్కడ మోకాలెత్తు పచ్చదనం, పసుపు పూలు. ఆ గట్టు మీద పరుగెత్తాను.

మాకు మోట బావి కింద రెండెకరాలు ఉండడంతో కొర్రలకూ జొన్నలకూ లోటు రాలేదు. మామకు బావి లేదు. మా అమ్మ గంపలో జొన్నలు పెట్టి పంపిస్తే అత్త రెండుసార్లు తీసుకుంది. మూడోసారి గంప తిరిగి పంపింది. ముందు ఎద్దులు పోయాయి. సంతకు తోలుకుపోతుంటే అవి మా గుమ్మం ముందు అలవాటు కొద్దీ ఆగాయి. నేను రోజూ కుడితి పెట్టేదాన్ని.

పీర్ల పండగ అయిన నాలుగో రోజున వాళ్ళు తుంగభద్ర కాలవ తవ్వకం పనికి బయలుదేరారు. మామ అరుగు దగ్గరికి వచ్చి జేజినాయన కాళ్ళకు దండం పెట్టాడు.

"పోయొస్తాం పెద్దాయనా."

"నన్ను తిట్టిపో అప్పా" అన్నాడు జేజినాయన. 

"నిన్నేల తిడతా? వాన దేవునిది. నీ మాట మంచికే చెప్పినావు."

నా జతగత్తె నెత్తిన చింకి చాప చుట్ట పెట్టుకుని దూరంగా నిలబడింది. నేను దగ్గరికి పోలేదు. తనే వచ్చి, "ఎవరికీ చెప్పలేదులే" అంది. అంతే. వాళ్ళమ్మ వెనక నడిచిపోయింది.

జేజినాయన ఆ తర్వాత పంచాంగం తాకలేదు. ఎవరైనా వచ్చి అడిగితే, "నాకు కండ్లు లేవు, ఇంకొకరిని అడుగు" అనేవాడు. వచ్చేవాళ్ళు కూడా తగ్గారు. ఇంట్లో మా నాయన ఆయనతో మాట్లాడటం మానేశాడు. కూటికి పిలవాలంటే నన్ను పంపేవాడు. చలికాలంలో ఒకరోజు జేజినాయన పట్టుబట్టి బండి కట్టించుకున్నాడు. అరబస్తా విత్తనాలు వేయించుకుని, జీతగాడితో బండి తోలించుకుని, నన్ను తోడు తీసుకుని కాలవ పనుల దగ్గరికి బయలుదేరాడు.

ఎక్కడ చూసినా మట్టి దిబ్బలు, బోద గుడిసెలు, పొగ. మనుషులంతా ఒకే రంగులో ఉన్నారు. ఎంతోమందిని అడిగితే గానీ వాళ్ళ జాడ తెలియలేదు. నా జతగత్తె తట్ట నెత్తిన పెట్టుకుని గట్టెక్కుతోంది. జుట్టు ఎర్రగా అట్టలు కట్టింది. నన్ను చూసి నవ్వింది గానీ తట్ట దించలేదు. వెనక వరస ఆగిపోతుందని పైకి పోయింది.

జేజినాయన మామ చేతులు తడుముకుని పట్టుకున్నాడు. "వచ్చేయప్పా. విత్తనం నేనిస్తా, ఎద్దులు నావి కట్టుకో. నాకు భయమై మిమ్మల్ని ఆపినా. నా భయానికి నీ చేను ఎండింది."

నా సంగతి ఆయన చెప్పలేదు. చెప్పడానికి ఆయనకు తెలియదు కదా అనుకున్నాను. నాలుగు అడుగుల దూరంలో నిలబడి, ఇప్పుడైనా చెప్పాలనుకుంటూనే, బండి చక్రానికి అంటిన మట్టిని గోటితో గీకాను.

మామ చేతులు వెనక్కి తీసుకున్నాడు. "ఈడ దినామూ ఇంత కూడు దొరుకుతాంది పెద్దాయనా. వాన వచ్చినా రాకున్నా దొరుకుతాంది. ఇంగ ఆ నేల మీద నాకు మనసు లేదు" అన్నాడు. విత్తనాల బస్తా కూడా దింపనివ్వలేదు.

తిరుగు దారిలో పొద్దు వాలుతుండగా, బండి చప్పుడులో, నేను చెప్పేశాను. "జేజినాయనా, ఆ పొద్దు నాలుగు వేళ్ళు దాటిండె. నేను అబద్ధం చెప్పినా." విత్తనాలు తిన్న సంగతీ చెప్పాను. ఏడుపు ఆగలేదు.

ఆయన నా తల మీద చేయి పెట్టాడు. 

"నాకు తెలుసే పాపా. ఏ గ్రహం దినానికి ఎంత నడుస్తాదో పంచాంగంలో ఉంటాది. నువ్వే గదా చదివితివి నాకు. నేను లెక్క వేసుకునే ఉంటి. ఆ పొద్దుకు నాలుగు దాటల్ల. నువ్వు రెండున్నర అంటివి. పానం కుదుటపడె నాకు."

"ఎందుకు?"

"విత్తండి అని మళ్ళా నా నోటితో చెప్పల్లంటే నాలిక రాలే. నువ్వు చెప్పిన మాట చాటున దాక్కుంటి." నా తల మీది చేయి తీసి అన్నాడు. "ఈ మాట మీ నాయనకు చెప్పొద్దు. నీదీ చెప్పొద్దు, నాదీ చెప్పొద్దు."

ఆయనకు నిజంగా తెలుసో, ఏడుస్తున్న పిల్లను ఊరడించడానికి ఆ క్షణంలో అల్లి చెప్పాడో, నాకు ఇప్పటికీ తేలలేదు. చెప్పొద్దన్నది నన్ను కాపాడటానికో, తనను కాపాడుకోవడానికో అదీ తెలియదు. రెండేళ్ళకు ఆయన పోయాడు. పాడె మోయడానికి మా వీధి వాళ్ళు వచ్చారు గానీ, ఎప్పటిలా గుంపుగా రాలేదు. మామ వాళ్ళు కాలవ వెంబడి తవ్వుకుంటూ ఇంకా దూరం పోయారని విన్నాం. నా జతగత్తెకు ఆ గుడిసెల్లోనే పెళ్ళయిందని ఎవరో అన్నారు. ఎక్కడ ఉన్నదో, ఉన్నదో లేదో తెలియదు.

మా నాయన చాలాకాలం బతికాడు. పిల్లలు, మనవలు చుట్టూ చేరితే, చుక్కల పిచ్చితో ముసలాయన వీధి వీధినే ఎట్లా ముంచాడో కథగా చెప్పేవాడు. చెవిటి ముసలాయన నాలుగేండ్ల మాట దగ్గర అందరూ పడి పడి నవ్వేవాళ్ళు. నేను ఆ పక్కనే కూర్చుని బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని. చివరి జబ్బులో నాయన మంచం పక్కన నేనే ఉన్నాను. ఒకరోజు ఉన్నట్టుండి, "మా నాయనతో ఆ రెండేండ్లూ నేను మాట్లాడకపోతి. తప్పు ఆయనదే గదా, ఏమంటావు?" అని అడిగాడు. నా వైపే చూస్తున్నాడు. నేను మందు కలిపిన గ్లాసు ఆయన నోటికి అందించి, "తాగు నాయనా" అన్నాను.